ఉద్దానానికి వచ్చినవారు, ఉండిపోయినవారు

శ్రీకాకుళం జిల్లా ఉత్తరపు కొసను, సముద్రానికీ మహేంద్రగిరి పాదాలకూ నడుమ, కొబ్బరి, జీడి, పనస తోటలతో నిండిన ఇసుకనేలకు ఉద్దానమని పేరు. ఉద్యానవనమన్న మాటే నలిగి ఉద్దానమయిందని పెద్దలు చెబుతారు. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం మండలాలలో ఇది పరచుకొని ఉన్నది. ఈ నేలకు యాత్రలు కొత్త కావు. 1937లో రైతు రక్షణయాత్ర ఇచ్ఛాపురం నుంచే మద్రాసుకు కదిలింది. తరువాతి కాలపు రాజకీయ పాదయాత్రలకు ఇచ్ఛాపురం మొదలు కాదు, చివర. 2003లో రాజశేఖరరెడ్డిగారి నడక, 2019 జనవరిలో ఆయన కుమారుని నడక ఇక్కడే ముగిశాయి. (యాత్రికులు మారినా బెల్లుపడ దగ్గర స్తూపాలు చూసి ఆగేవారికి టీ అమ్ముకొనేవారు మారలేదు.)

ఈ టపా మరొక రకపు యాత్రను గురించి. సెలవులు వచ్చేసరికి నగరాల చర్చిల నుంచి యువజన బృందాలు వారం పదిరోజుల ‘మిషన్ ట్రిప్’ అని ఈ ప్రాంతానికి వస్తున్నాయి. పగలు పిల్లలకు ఆటలు, పాటలు, వైద్యశిబిరం, రాత్రి కూటాలు, చివరినాడు సముద్రతీరాన ఫోటోలు. వాటిని వెక్కిరించేవారూ ఉన్నారు, ఆకాశానికెత్తేవారూ ఉన్నారు. ఇద్దరికీ తెలియనిది ఈ తీరాన అటువంటి రాకపోకలకు రెండువందల ఏళ్ళ పైబడిన చరిత్ర ఉన్నదని. నేను ఆ మతస్థుడను కాను. తెలుగు పండితుడుగా పనిచేసినవాడిని కనుక, వచ్చినవారిలో ఎవరు మన భాషలోకి ప్రవేశించారు, ఎవరు గుమ్మంలోనే నిలబడి వెళ్ళిపోయారు అన్న కొలతతోనే ఈ చరిత్రను చూస్తాను.

తెలుగు దేశపు ఉత్తర తీరానికి ప్రొటెస్టెంటు ప్రచారకులు వచ్చింది 1805లో. లండన్ మిషనరీ సొసైటీ పంపిన జార్జి క్రాన్, అగస్టస్ డిగ్రాంజస్ అనే ఇద్దరు విశాఖపట్నంలో దిగారు. ఆనందరాయరు అనే బ్రాహ్మణ క్రైస్తవుడు వారికి తోడయ్యాడు. ఆయన సాయంతో సువార్తల అనువాదం మొదలుపెట్టారు. క్రాన్ 1809లో, డిగ్రాంజస్ 1810లో చనిపోయారు. వారు తెలుగులోకి దించిన మూడు సువార్తలు 1812లో శ్రీరాంపురంలో అచ్చయ్యే నాటికి ఇద్దరూ లేరు. అయిదేళ్ళలో ముగిసిపోయిన రాక అది. ఆ కాలపు లెక్కలో అదే ‘షార్ట్ ట్రిప్’ అనుకోవచ్చు. అయినా మిగిలింది, వారి చేతిలో కాగితం, పక్కన తెలుగు తెలిసిన మనిషి ఉండడం వల్ల.

ఆ తొలి అనువాదాల వచనం నేటివారికి పెళుసుగా తోస్తుంది. సంస్కృతపదం అవసరమైన చోట గ్రామ్యం, గ్రామ్యం చాలిన చోట సంస్కృతం. చదివితే అర్థమవుతుంది గాని నోట నిలవదు. నోట నిలిచే తెలుగు రావడానికి ఈ ప్రాంతపు మనిషే పుట్టవలసి వచ్చింది.

ఆయన పురుషోత్తమ చౌదరి. 1803లో పర్లాకిమిడి సీమలో బ్రాహ్మణ కుటుంబంలో జన్మించాడు. ఒడియా, తెలుగు కలిసి పారే సరిహద్దు అది. 1833లో కటకంలో బాప్తిస్మం పొందాడు. కటకంలో ఇంగ్లీషు జనరల్ బాప్టిస్టులు 1822 నుంచి పనిచేస్తున్నారు. ఆనాడు ఒక బ్రాహ్మణుడు మతం మారడమంటే ఇల్లు, ఊరు, బంధువర్గం, పంక్తి అన్నీ ఒక్కసారి పోవడం. ఆ నష్టాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు ఏ పక్షంవారికీ లేదు. ఆ తరువాత 1890లో కన్నుమూసేదాకా ప్రచారకుడుగా, బోధకుడుగా బరంపురం, శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాలలో తిరిగాడు. వాద గ్రంథాలు వ్రాశాడు. అవి నేడు గ్రంథాలయాలలో కూడా అరుదు. కీర్తనలు వ్రాశాడు; అవి నేటికీ ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకంలో రాగ తాళాల పేర్లతో సహా ఉన్నాయి, తెలుగు క్రైస్తవులు శాఖాభేదం లేకుండా పాడుకుంటున్నారు.

పండితుని దృష్టితో చూస్తే ఆయన చేసిన పనిలో విశేషం ఏమిటంటే, కొత్త దేవునికోసం కొత్త ఛందస్సు వెదకలేదు. పల్లవి, అనుపల్లవి, చరణం. యతి, ప్రాసల స్పృహ. భజన గోష్ఠిలో పదిమంది అందుకోగల నడక. ఆయన చిన్ననాట విన్న భక్తి సంగీతం ఏ మూసలో ఉన్నదో ఆ మూసలోనే పోశాడు. ఇంగ్లీషు పాటల వరుసలకు తెలుగు మాటలు అతికించి పాడించే ప్రయత్నాలు పక్కనే జరుగుతున్న కాలం అది. ఆ అతుకుల పాటలలో దీర్ఘం ఉండవలసిన చోట హ్రస్వం సాగదీసి, హ్రస్వం ఉండవలసిన చోట దీర్ఘం మింగవలసి వచ్చేది. చౌదరిగారి కీర్తన పాడే ముసలమ్మకు ఆ అవస్థ లేదు. మన సాహిత్య చరిత్రలలో ఆయనకు నాలుగు పంక్తులైనా దక్కకపోవడం మతం కారణంగా జరిగిన లోపమేనని నా అభిప్రాయం. భక్తి కవిత్వం చెప్పేటప్పుడు గోపన్ననూ క్షేత్రయ్యనూ గంటసేపు పాఠం చెప్పే మనం, ఈ జిల్లా పొరుగున పుట్టిన వాగ్గేయకారుణ్ణి విద్యార్థులకు పేరుతోనైనా పరిచయం చేయలేదు.

ఇక కెనడా వారి సంగతి. ఇదే యువజనయాత్రకు అసలైన పూర్వకథ.

1873లో కెనడా తూర్పుతీరపు బాప్టిస్టు సంఘాల నుంచి ఏడుగురు యువతీయువకులు ఓడ ఎక్కారు. వారిలో రూఫస్ శాన్‌ఫర్డ్ దంపతులు, జార్జి చర్చిల్, మటిల్డా చర్చిల్ దంపతులు, ఆర్మ్‌స్ట్రాంగ్ ఉన్నారు. హన్నా మరియా నార్వుడ్ అనే యువతి వారికన్నా మూడేళ్ళు ముందే, 1870లో, బర్మాకు బయలుదేరింది. వెళ్ళేముందు ఆమె ఊరూరా తిరిగి స్త్రీల సహాయ సంఘాలు స్థాపించింది. ఒంటరి స్త్రీని పంపడానికి పెద్దల బోర్డు వద్ద డబ్బు లేదంటే ఆడవాళ్ళే కూడబెట్టుకున్నారు. వీరెవ్వరికీ తెలుగు దేశం లక్ష్యం కాదు. సయాం దేశంలో కరెన్ జాతివారున్నారని, వారి నడుమ పనిచేయాలని వెళ్ళారు. అడవుల వెంబడి వెదికారు. అనుకున్నంతమంది కరెన్లు అక్కడ లేరు. వెళ్ళిన పని లేదని తేలింది.

ఇటువంటి సందర్భంలో ఇంటికి తిరిగి పోవడం సహజం. వారు అలా చేయలేదు. కాకినాడలో అప్పటికే కెనడా బాప్టిస్టుల పని ఒకటి నడుస్తున్నది. దానిని మొదలుపెట్టినది తెల్లవాడు కాదు. థామస్ గాబ్రియేల్ అనే తెలుగు క్రైస్తవుడు, తంతి శాఖలో ఉద్యోగి, తన పూనికతో ఆరంభించి, భారం మోయలేక సాయం అడిగితే, 1874 మార్చిలో మెక్లారిన్ వచ్చి అందుకున్నాడు. సయాంలో దారి మూసుకున్న యువబృందం 1875లో ఆ పక్కకు తిరిగి, కాకినాడలో దిగి తెలుగు అక్షరాలు దిద్దింది. తరువాత ఉత్తరానికి వచ్చి భీమునిపట్నం, శ్రీకాకుళం, బొబ్బిలిలో స్థిరపడ్డారు. వారి వెనుక వచ్చినవారికి పర్లాకిమిడి, పాలకొండ, టెక్కలి, సోంపేట కేంద్రాలయ్యాయి.

పొరపాటు చిరునామాకు వెళ్ళి సరైన ఇల్లు చేరినవారు కనుక వారి కథ నాకు ఇష్టం. చర్చిల్ దంపతుల బొబ్బిలి జీవితాన్ని మటిల్డా ఇంటికి వ్రాసిన ఉత్తరాలు తెలుపుతాయి. అవి 1916లో పుస్తకంగా వెలువడ్డాయి. ఆర్మ్‌స్ట్రాంగ్ దంపతుల దారి ఇంకా విచిత్రం. బర్మా నుంచి ఇక్కడికి వచ్చి తెలుగు నేర్చుకొని, పిదప మళ్ళీ బర్మా వెళ్ళి అక్కడ పొట్టకూటికి చేరిన తెలుగు, తమిళ కూలీల నడుమ పనిచేశారు. మన జిల్లా ముసలివారి నోట ‘రంగం’ అన్న మాట విన్నవారికి ఇందులోని అర్థం తోస్తుంది. తీరం వెంబడి ఓడలెక్కి ఇక్కడివారు ఎందరు రంగూను పోయారో! అక్కడ వారికి తమ మాటలో పలకరించే కెనడా మనిషి దొరకడం, సయాం అడవులలో దారి మూసుకున్నందువల్ల.

ఆ రోజులలో పల్లెలకు పోవడానికి చలికాలమే అదను. ఎడ్లబండిలో డేరా, వంటసామాను, పుస్తకాలపెట్టె వేసుకొని, ఒక తోటలో దిగి, నాలుగైదు రోజులుండి చుట్టుపట్ల ఊళ్ళు తిరిగి, మళ్ళీ డేరా ఎత్తేవారు. దీన్నే వారు ‘టూరింగ్’ అనేవారు. నేటి పదిరోజుల యాత్రకు ఇదే తాత. తేడా ఏమిటంటే ఆ డేరాలో దొర ఒక్కడే ఉండడు. పక్కన ఇక్కడి బోధకుడు, దొరసాని పక్కన ‘బైబిలు స్త్రీ’ అని పిలవబడే తెలుగు ఆవిడ. ఇళ్ళలోకి వెళ్ళేది, మొదటిమాట మాట్లాడేది, దొర వెళ్ళిపోయాక ఊరివారి కోపతాపాలు భరించేది వారు. నివేదికలలో దొరల పేర్లు పూర్తిగా ఉంటాయి. వీరిని చాలాచోట్ల ఒట్టి పేరుతోనో, ‘సహాయకుడు’ అనో ముగించారు. చరిత్ర వ్రాసేవాడికి ఇంతకన్నా చిరాకు కలిగించేది లేదు.

1900లో నౌపడా నుంచి పర్లాకిమిడికి చిన్నరైలు పడింది. టెక్కలి మీదుగా పోయే ఆ బండి ఎడ్లబండి ప్రయాణాన్ని ఒకపూట పనిగా మార్చింది. రైలు చివర పర్లాకిమిడిలో ఆ సమయానికి ఒక తెలుగు ఉపాధ్యాయుడు మిషనరీలు చేయవలసిన పనిని మతప్రసక్తి లేకుండా చేస్తున్నాడు. గిడుగు రామమూర్తి పంతులుగారు కొండమీది సవరల భాషను వారి నోటినుంచి నేర్చుకొని, దానికి వ్యాకరణం, నిఘంటువు కూర్చి, వారి పిల్లలకు వారి భాషలో బడులు పెట్టించారు. ఎవరికైనా ఏదైనా చెప్పదలచినవాడు ముందు వారి మాట వినాలన్న సూత్రాన్ని ఈ ప్రాంతంలో అందరికన్నా గట్టిగా పాటించినవాడు ఆయనే.

ఇక్కడ వర్తమానం లోకి ఒక అడుగు వేయాలి. నా పూర్వ విద్యార్థి ఒకడు హైదరాబాదులో అటువంటి యువబృందానికి నాయకుడు. పదునాలుగురిని ఉద్దానం తీసుకొస్తూ, ముందుగా నాతో మాట్లాడాడు. “మాస్టారూ, మావాళ్ళందరూ తెలుగువాళ్ళే. భాషకు ఇబ్బంది లేదు” అన్నాడు. ఫోనులో వారిని ఒక్కొక్కరినీ పలకరించాను. తెలుగువాళ్ళే, ఇద్దరు టొరంటోలో పెరిగినవారు, తక్కినవారు హైదరాబాదులో పెరిగినవారు, మాటతీరులో ఆ రెండు ఊళ్ళకూ పెద్ద దూరం లేదు. “ఆరోగ్య పరిస్థితి ఎలా ఉంది ఆంటీ?” అని అడగగలరు. ఉద్దానపు మామ్మను ఆంటీ అంటే ఆమె వెనక్కి తిరిగి చూస్తుంది, ఎవరిని పిలిచారా అని. “ఒంట్లో ఎలాగుంది మామ్మా?” అనాలి. వయసులో కొంచెం పెద్ద అయితే ‘అప్పా’ అనాలి. ‘ఏటి’ అంటే ఏమిటి అని, ‘చోడి’ అంటే రాగి అని, ‘గుంట’ అంటే గొయ్యి కాదు, చిన్నపిల్ల అని చెప్పాను. నాలుగు ఆదివారాలు ఈ పాఠం సాగింది. కాకినాడలో అక్షరాలు దిద్దిన కెనడావారికి ఉన్న సౌకర్యం ఒకటి వీరికి లేదు: తమకు భాష రాదని వారికి ముందే తెలుసు.

ఇటువంటి యాత్రల నేటి రూపం అమెరికాలో పుట్టింది. 1886లో మౌంట్ హెర్మన్‌లో వందమంది విద్యార్థులు విదేశ సేవకు ప్రమాణం చేశారు. వారు అనుకొన్నది జీవితకాలపు సేవ. 1957లో జార్జి వెర్వర్ అనే విద్యార్థి ఇద్దరు స్నేహితులతో వేసవి సెలవులలో మెక్సికో వెళ్ళి పుస్తకాలు పంచివచ్చాడు. దానినుంచి ఆపరేషన్ మొబిలైజేషన్ పెరిగి, 1960లలో మనదేశానికీ వచ్చింది. జీవితకాలం సెలవుకాలంగా కుదించుకుపోవడం ఆ నడుమ డెబ్భై ఏళ్ళలో జరిగిన మార్పు. విమానం చౌక అయింది, కాలం ఖరీదు అయింది.

పొట్టి యాత్రలన్నీ వట్టి యాత్రలని నేను అనను. ఒక పొట్టి యాత్ర ఫలితం మన సోంపేటలోనే ఉన్నది. అయితే అది ఎదురుదిశలో జరిగింది. సోంపేట ఆరోగ్యవరం ఆసుపత్రిలో కెనడా బాప్టిస్టు వైద్యుడు బెన్ గలిసన్ ఏళ్ళతరబడి కంటిశుక్లాలు తీశాడు. తోటలలోనూ ఉప్పుగాలిలోనూ బ్రతికే ముసలివారు కన్ను కనబడక మూల కూర్చోవడం ఇక్కడ విధివ్రాతగా చెల్లేది. ఆయన తన దేశం వెళ్ళి ఆ సంగతి చెప్పగా, కాల్గరీ నగరపు వ్యాపారి ఆర్ట్ జెంకిన్స్ విని, ఇంత తక్కువ ఖర్చుతో చూపు వస్తుందా అని ఆశ్చర్యపడి, 1963లో ఆపరేషన్ ఐసైట్ అనే సంస్థను ఆరంభించాడు. నేడు అది అనేక దేశాలలో పనిచేస్తున్నది. గలిసన్ మాటకు ఆ బలం వచ్చింది, వెనుక ఆయన సోంపేటలో గడిపిన సంవత్సరాల వల్ల. సోంపేటకు పదిరోజులు వచ్చి వెళ్ళినవాడు కాల్గరీలో అదే మాట చెప్పి ఉంటే అంత పని జరిగేదని నేననుకోను.

ఉద్దానం ఇప్పుడు వచ్చినవారిని చూసే చూపు వేరు. పాతిక ముప్ఫై ఏళ్ళుగా ఇక్కడ మూత్రపిండాల జబ్బు ఇంటింటినీ తడుతున్నది. మధుమేహం, రక్తపోటు లేని రైతుకూలీలకు కూడా వస్తుంది. కారణం ఇదీ అని శాస్త్రజ్ఞులు నేటికీ ఖాయం చేయలేదు. వైద్యులు వచ్చారు, విశ్వవిద్యాలయాలవారు వచ్చారు, విలేకరులు వచ్చారు, నాయకులు వచ్చారు. రక్తం ఇచ్చి, నీళ్ళ నమూనా ఇచ్చి, ఫోటోకు కూర్చొని, “తీసుకెళ్ళినోళ్ళు మళ్ళీ రాలేదు బాబూ” అనే మాట నేను చాలా గడపలలో విన్నాను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వజ్రపుకొత్తూరు దగ్గర తీరం దాటి, ఒక్కరాత్రిలో కొబ్బరి, జీడి తోటలను పడగొట్టినప్పుడూ సాయం లారీలు వచ్చాయి, నెలలో ఆగాయి. కొబ్బరిచెట్టు మళ్ళీ కాపుకు రావడానికి పట్టేది నెల కాదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయపు నీటిని శుద్ధిచేసి గొట్టాల ద్వారా ఈ ఊళ్ళకు తెచ్చే పథకమూ అప్పుడే మొదలయింది.

ఇటువంటి ఊరికి యువకులను తీసుకొచ్చే నాయకుని మీద ఉండే బాధ్యత మామూలుది కాదు. మతం చెప్పుకోవడానికి రాజ్యాంగంలోని 25వ అధికరణం స్వేచ్ఛ ఇచ్చింది. కాని పర్యాటక వీసా మీద వచ్చిన విదేశీయుడు మతప్రచారం చేయరాదు, విదేశీ పౌరసత్వమున్న మన సంతతివారికీ అందుకు ప్రత్యేకానుమతి కావాలి. ఇచ్ఛాపురం దాటితే ఒడిశా. అక్కడ 1967 నుంచే మతమార్పిడిపై చట్టం ఉన్నది. టొరంటో పిల్లలిద్దరి విషయం ముందే తేల్చుకోమని నా శిష్యుడికి చెప్పాను. చట్టం కన్నా నాకు ముఖ్యమైనది మరొకటి చెప్పాను. మందు పొట్లంతో పాటు ప్రార్థన పెట్టవద్దు. మంచం మీద ఉన్నవాడు వద్దనలేడు. వద్దనలేని మనిషి ఒప్పుకోలు ఒప్పుకోలు కాదు. అతడు కొంచెం నొచ్చుకున్నాడు. “అడిగితేనే చేస్తాం మాస్టారూ” అన్నాడు. అడిగినవారి ఇంటికి ఇక్కడి పాస్టరుతో కలిసి వెళ్ళమన్నాను; ఎందుకంటే పదకొండో రోజున ఆ ఇంటి ముందు నుంచి నడిచి పోవలసినవాడు ఆయన.

కార్యక్రమం కాగితంలో నేను కొట్టివేసింది కూటాలను కాదు, రోజుకు నాలుగు ఊళ్ళన్న వరసను. దాని బదులు ఒక పని చూపించాను. సోంపేట, పలాస, కవిటిలో రక్తశుద్ధి కేంద్రాలున్నాయి. రోగికి వారంలో రెండు మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు, సూది గుచ్చిన చేయి కదపకుండా పడుకోవాలి. తోడువచ్చిన భార్యో కొడుకో ఆపూట కూలి పోగొట్టుకొని బయట వరండాలో కూర్చుంటారు. పలాసలో జీడిపిక్కలు ఒలిచే పనికి వెళ్ళే ఆడవారికి ఆపూట పోతే ఆపూట డబ్బు పోయినట్లే. తోడుకు ఒక మనిషి దొరికితే ఆమె పనికి పోగలదు. ఆసుపత్రివారి అనుమతి తీసుకొని, ఒక్కో కేంద్రానికి ఇద్దరిద్దరు, అయిదు రోజులు అదే మంచం దగ్గర కూర్చోవాలి. మంచినీళ్ళు లెక్కపెట్టి ఇవ్వాలి, దినపత్రిక చదివి వినిపించాలి, ఆటో ఎక్కించి ఇల్లు చేర్చాలి. ఫోటో అవసరం లేదు. అందులో ‘మిషన్’ ఏముందని బృందంలో ఒక కుర్రాడు అడిగాడట. దానికి జవాబు చెప్పవలసినది వారి నాయకుడు గాని నేను కాదు. నేను మాత్రం దినపత్రిక ఒకటి పంపించి, ఒత్తక్షరాలు మింగకుండా మొదటి పుట పైకి చదివి రికార్డు చేసి పంపమన్నాను. ఇప్పటికి తొమ్మిదిమంది పంపారు.